చెయ్యి వణికింది... పిట్ట చెదిరింది!

ఓ చిన్న పని చేసి చూడండి. ఈసారి ఇంట్లో సినిమా చూసేటప్పుడు, హీరోగారు గాల్లోకి లేచి విలన్ అనుచరుణ్ణి ఎడమకాలితో తన్నే చోట టక్కున ఆపండి. ఏం కనబడింది? హీరోగారి కాలు వుండాల్సిన చోట ఓ పొగమబ్బు! బూటేదో మోకాలేదో తెలియదు. కెమెరామన్‌ని తిట్టుకోకండి. సినిమా అంటే సెకనుకి 24 ఫ్రేములు. మామూలుగా ఒక్కో ఫ్రేముకి వెలుగు తగిలేది సెకనులో 48వ వంతు సేపు. ఆ కాస్త వ్యవధిలోనే కాలు బారెడు దూరం కదిలిపోతుంది కనక అలికినట్టు పడుతుంది. కానీ ఆ ఫ్రేము వెనకే ఇంకోటి, దాని వెనక ఇంకోటి తోసుకొచ్చేస్తాయి. మన కన్ను మోసపోతుంది. పైగా ఆ మాత్రం అలుకుడు వుంటేనే తెరమీద కదలిక సహజంగా వుంటుందట!

మరి మామూలు ఫొటోకి? దాని తప్పు కప్పిపుచ్చడానికి వెనక ఇంకో ఫ్రేము రాదు. వున్నది ఒక్కటే బొమ్మ. అలికిపోయిందంటే అలికిపోయినట్టే. ఈ చిన్న సంగతి బుర్రకెక్కడానికి నాకు ఒక కొండ, ఒక చెరువు, ఇద్దరు పెద్దమనుషులు, ఒక తీతువు పిట్ట కావలసి వచ్చాయి. ఆ కథే ఇది.

మాది ఆత్మకూరు. నెల్లూరు జిల్లాలో పడమటి వైపు. సినిమాల పిచ్చితో మొదలై కెమెరాల పిచ్చిలో పడ్డవాణ్ణి. రెండేళ్ళు డబ్బులు కూడబెట్టి, ఒకరు వాడి అమ్మిన టెలిఫోటో జూమ్ లెన్సు కొన్నాను. 150 నుంచి 600 మిల్లీమీటర్లది. కంపెనీ పేరెందుకు లెండి! ముందున్న గొడుగు తగిలించి పూర్తిగా చాపితే మోచేతంత పొడుగు. బరువు రెండు కిలోలు. అది మెళ్ళో వేసుకుని బజార్లో నడుస్తుంటే, ఏదో షూటింగ్ యూనిట్ వూళ్ళో దిగిందేమోనని నలుగురూ తిరిగి చూసేవాళ్ళు. ఆ వైభవం నాలుగు రోజులు!

మొదటి ఆదివారమే బస్సెక్కి ఉదయగిరి పోయాను. కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి, 1514లో గజపతుల చేతుల్లోంచి లాక్కున్న దుర్గం అది. కొండ మీద శిథిలమైన గోడల్లో రామచిలకలు, బండల మీద కోతులు, పైన గుండ్రంగా తిరిగే గద్దలు. ఇంక నాకేం కావాలి? ఎడాపెడా నొక్కాను. సాయంత్రానికి నాలుగు వందల పైచిలుకు ఫొటోలు. కెమెరా వెనక వుండే అగ్గిపెట్టెంత తెరమీద ప్రతిదీ అద్భుతంగా కనబడింది. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే... గద్దకి నాలుగు రెక్కలు! రామచిలకకి రెండు ముక్కులు! కోతి కన్ను మాత్రం చక్కగా మసకేసింది, శుక్లం వచ్చినట్టు.

నేనేం చేశానో వూహించండి. లెన్సుని తిట్టాను. "వాడిన సరుకు అంటగట్టాడు, లోపల గాజు కదిలిపోయి వుంటుంది" అని స్నేహితులందరి దగ్గరా వాపోయాను. మరుసటి వారం లెన్సులో లోపం నిరూపించడానికే మళ్ళీ ఉదయగిరి వెళ్ళాను.

ఉదయగిరి చెక్క గరిటెలు మీరు వినే వుంటారు. అక్కడి కొండల్లో దొరికే కర్రతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు సన్నటి నగిషీతో చెక్కుతారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది వాటికి. కొండ దిగి దప్పికై ఓ ఇంటి అరుగు దగ్గర ఆగితే, అక్కడ ఓ పెద్దాయన చెంచా కాడకి ఆకురాయి పడుతున్నారు. ఎదురుగా కరెంటు తీగమీద పాలపిట్ట వాలింది. నేను గబుక్కున లెన్సు ఎత్తాను. ఆయన పని ఆపి నా వైపే చూస్తున్నారు.

"ఏందబ్బయా ఆ ఫిరంగి?" అన్నారు.

"ఫిరంగి కాదు తాతా, కెమెరా. కానీ బొమ్మ సరిగ్గా రావడం లేదు. లెన్సు బాగాలేదు."

ఆయన నవ్వారు. "లెన్సు సంగతి నాకేం తెలుసు గానీ, ఆ మోచేతులు ఏంది, కోడి రెక్కలు చాపినట్టు చాపినావు? అట్టా గాల్లో పెట్టి ఆకురాయి పడితే నా చెంచా కూడా వంకర పోద్ది. డొక్కకి ఆనించు. ఊపిరి బిగబట్టొద్దు, వొదిలి పట్టు."

అబద్ధం చెప్పను, కాస్త కోపం వచ్చింది. గరిటెలు చెక్కే ఆయన నాకు ఫొటోగ్రఫీ చెప్పడమా! కానీ మోచేతులు డొక్కలకి ఆనించాను. ఊపిరి సగం వదిలాను. నొక్కాను. ఇంటికెళ్ళి చూస్తే... ఆ పాలపిట్ట మెడకింది చారలు లెక్కపెట్టొచ్చు! అంటే లెన్సు నిక్షేపంలా వుంది. లోపం మోచేతుల్లో వుంది.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేసుకున్నాను. మామూలు 50 మి.మీ. లెన్సుతో పోలిస్తే 600 మి.మీ. లెన్సు పిట్టని పన్నెండు రెట్లు దగ్గరకి తెస్తుంది. బాగానే వుంది. కానీ పిట్టతోపాటు నా చేతి వణుకుని కూడా పన్నెండు రెట్లు పెంచుతుంది! పాతకాలం నుంచీ ఫొటోగ్రాఫర్లు చెప్పుకునే లెక్క ఒకటుంది. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు, లెన్సు ఎన్ని మిల్లీమీటర్లో కనీసం అన్నో వంతు సెకను వేగం వుండాలి. 600కి పెడితే 1/600. నాది చిన్న సెన్సారు కెమెరా కనక ఒకటిన్నర రెట్లు కలిపితే 1/900. అంటే 1/1000 అనుకోండి. నేను కొండమీద తీసినవి? కెమెరా ఇష్టానికి వదిలేస్తే 1/160, 1/200! వణక్క ఏం చేస్తుంది?

అయితే కుర్రకారుకి ఓ సందేహం రావాలి. "లెన్సులోనే వణుకు ఆపే ఏర్పాటు వుంటుంది కదా?" అని. వుంటుంది. సినిమావాళ్ళకి స్టెడీక్యామ్ ఎలాగో ఇది అలాగ. కెమెరామన్ పరిగెత్తుతున్నా ఆ కుదుపు కెమెరాకి తగలకుండా చేసే ఆ పరికరం హాలీవుడ్‌లో 1976 నాటి 'బౌండ్ ఫర్ గ్లోరీ'లో వెండితెరకెక్కింది. మన తెలుగులో 1989లో 'శివ' వచ్చినప్పుడు దాని గురించి కుర్రాళ్ళు కథలుగా చెప్పుకున్నారు. ఫొటో కెమెరాల సంగతికొస్తే, 1995లో కానన్ కంపెనీ 75-300 జూమ్ లెన్సులో ఆ ఏర్పాటు పెట్టింది. లోపల ఓ గాజు పలక మన చెయ్యి ఎటు వణికితే దానికి తగినట్టు జరిగి బొమ్మని నిలబెడుతుంది. మహా గొప్ప సంగతే. కానీ అది ఆపేది మన వణుకుని. పిట్ట తల తిప్పితే దాన్ని ఆపలేదు! కూర్చున్న పిట్టకి 1/500 సరిపోవచ్చు. ఎగిరే పిట్టకి మాత్రం 1/2000 అయినా కావాలి.

వేగం పెంచితే వెలుగు తగ్గుతుంది. అందుకని ఐఎస్ఓని కెమెరాకే వదిలేసి, వేగం మాత్రం నా చేతిలో పెట్టుకున్నాను. బొమ్మలో ఇసక చల్లినట్టు కాస్త గరుకు వస్తుంది. రానివ్వండి! గరుకుని తరవాత కంప్యూటర్లో నునుపు చేసుకోవచ్చు, అలికిపోయిన కన్నుని ఎవడూ తిరిగి గీయలేడు. ఇంకోటి... జూమ్ లెన్సుల్లో చాలావాటికి చివరి అంచు కాస్త మెత్తన. 600 వుంది కదా అని అక్కడే వేలాడకుండా 500కి తగ్గించి, ఎపర్చరు 6.3 నుంచి 8కి మూస్తే నా లెన్సు ఇంకో లెన్సయిపోయింది.

తరవాత ఫోకస్. సినిమా షూటింగులో నటుడి ముక్కు దగ్గర నుంచి కెమెరా దాకా టేపు పట్టి కొలిచే అసిస్టెంటుని మీరు మేకింగ్ వీడియోల్లో చూసే వుంటారు. ఎందుకంత చాదస్తం అనుకుంటాం. పది మీటర్ల దూరంలో వున్న పిట్టని నా కెమెరాతో 600 దగ్గర తీస్తే, స్పష్టంగా పడే మందం ఏడెనిమిది సెంటీమీటర్లే. నాలుగు వేళ్ళ వెడల్పు! ఫోకస్ రెక్క మీద పడిందంటే కన్ను పోయినట్టే. కన్ను పోతే ఫొటో పోయినట్టే. అందుకని ఫోకస్ చుక్క ఒక్కటే వుంచుకుని కంటి మీద పెట్టడం నేర్చుకున్నాను. ఇప్పటి కొత్త కెమెరాలు పిట్ట కన్నుని వాటంతటవే వెతుక్కుంటాయి. అవి వున్నవాళ్ళు అదృష్టవంతులు!

ఇలా ఎడమ అరచెయ్యి లెన్సు కింద ముందుకి జరిపి, మోచేతులు డొక్కలకి ఆనించి, కెమెరాని కనుబొమకి నొక్కి, ఒక కాలు ముందుకేసి నిలబడి... మూడు నెలలు సాధన చేశాను. గోడ దొరికితే గోడకి, చెట్టు దొరికితే చెట్టుకి ఆనుకున్నాను. బియ్యం పోసిన చిన్న సంచి ఒకటి కుట్టించుకుని పిట్టగోడల మీద లెన్సు కింద పెట్టుకున్నాను. మీట మీద వేలు గుచ్చకుండా, ముద్దలా మెల్లగా అదిమి, మూడు నాలుగు వరసగా తీస్తే మొదటిదానికంటే రెండోదో మూడోదో బాగుంటుందని కనిపెట్టాను. ఇంకేం? ఆత్మకూరులో నా అంత మొనగాడు లేడనుకున్నాను.

సరిగ్గా అప్పుడే అసలు తప్పు చేశాను.

ఏప్రిల్ నెల. అనంతసాగరం చెరువు అంచులు ఎండి గులకనేల బయటపడింది. ఓ తీతువు పిట్ట కనబడింది. రాత్రిళ్ళు అరిస్తే ఎవరో పోతారని మనవాళ్ళు భయపడే పిట్టే. కానీ పగటిపూట చూస్తే ఎంత సోకు! నల్లటి గొంతు, ముక్కుపక్కన ఎర్రటి తోలు, పచ్చటి పొడుగు కాళ్ళు. ముందర నలభై మీటర్ల నుంచి తీశాను. మసక. వేగం 1/1600 వుంది, మోచేతులు డొక్కలకే వున్నాయి, అయినా మసక! కారణం అప్పుడు తెలియలేదు. ఎండకి కాలిన నేల మీంచి వేడిగాలి సెగలా లేస్తుంటే, ఆ సెగలోంచి చూసిన ప్రతిదీ నీళ్ళలో చూసినట్టు వణుకుతుంది. లక్ష రూపాయల లెన్సయినా దాన్ని దాటలేదు. మందు ఒక్కటే, పొద్దున్నే వెళ్ళడం.

నేను మాత్రం దగ్గరికెళితే సరిపోతుందనుకున్నాను. నాలుగడుగులు వేశాను. పిట్ట లేచి అరుచుకుంటూ నా తలమీద చక్కర్లు కొట్టింది. భలే! ఎగిరే ఫొటో దొరుకుతుందని సంబరపడ్డాను. అది కాస్త దూరంలో వాలుతుంది, నేను జరుగుతాను, మళ్ళీ లేస్తుంది. అలా ముప్పావుగంట. పట్టపగలు పన్నెండు దాటింది.

"ఏయ్ అబ్బయా! బుద్ధుండాదా నీకు?"

తిరిగి చూస్తే తుమ్మచెట్టు కింద గొర్రెలు కాచుకునే తాత. కర్ర వూపుకుంటూ వచ్చారు.

"దానితో సరసమాడతావుండావా? నీ కాళ్ళ కాడ చూడు."

చూశాను. గులకరాళ్ళే. ఇంకాసేపు చూస్తే... రాళ్ళలో నాలుగు రాళ్ళు గుడ్లు! అదే రంగు, అవే మచ్చలు. నా బూటుకి రెండు జానల దూరం. గూడంటే పుల్లల గూడు కాదు, నేలమీద చిన్న గుంట, అంతే.

"ఇంత ఎండలో తల్లి నీడ తీసేస్తే గుడ్డు వుడికిపోదా? నువ్వు బొమ్మలు తీసుకుంటావుండావు, అది బిడ్డల కోసం ఏడస్తావుండాది. పక్కకి రా!"

నాకు నోట మాట రాలేదు. ఆయన వెనకే తుమ్మచెట్టు దాకా వచ్చేశాను. పిట్ట చాలాసేపటికి గానీ దిగలేదు. వారం తరవాత దూరం నుంచి లెన్సుతో చూస్తే ఆ గుంట ఖాళీగా వుంది. పిల్లలయి వెళ్ళిపోయాయో, కుక్కలు తినిపోయాయో, ఆ ముప్పావుగంట ఎండకే చచ్చిపోయాయో! నావల్లే అని చెప్పలేను. నావల్ల కాదని కూడా చెప్పలేను. ఆ రోజు తీసిన రెండువందల ఫొటోల్లో మూడు చాలా బాగా వచ్చాయి. అవి ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు.

మా జిల్లాకి పిట్టల చరిత్ర పెద్దదే. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డాన్ దొర, ఇక్కడి యానాదుల దగ్గర పిట్టల సంగతులు అడిగి తెలుసుకున్నాడు. ఆయన పేరు పెట్టిన కలివికోడి 1900 తరవాత ఎవరికీ కనబడక అంతరించిందనుకుంటే, 1986లో కడప జిల్లా లంకమల అడవుల్లో మళ్ళీ దొరికింది. అప్పుడూ దాన్ని ఎరిగినవాళ్ళు స్థానికులే. జెర్డాన్ కాలంలో పిట్టని స్పష్టంగా చూడాలంటే తుపాకీ పేల్చి, చేతిలోకి తీసుకుని చూడాల్సిందే. అంత అవసరం లేకుండా చేసిందే మన టెలిఫోటో లెన్సు. దూరంగా వుండి దగ్గరగా చూడమని కదా దాన్ని చేసింది! అది చేతిలో పెట్టుకుని నేను గుడ్ల మీదికి నడిచాను.

చాలా ఫొటో పోటీల్లో గూటి దగ్గర తీసిన బొమ్మల్ని తీసుకోరు. ఎందుకో నాకిప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

తరవాత రెండు నెలలు కెమెరా ముట్టలేదు. జూన్‌లో ఓ రోజు తెల్లవారకముందే మళ్ళీ చెరువుకి వెళ్ళాను. ఈసారి నడవలేదు. తాత తుమ్మచెట్టు మొదట్లోనే చతికిలబడి, వీపు చెట్టుకి ఆనించి, మోకాళ్ళు పైకి పెట్టి, వాటిమీద మోచేతుల పైకండ ఆనించాను. ఎముకకి ఎముక తగిలితే జారుతుంది, కండ ఆనితే నిలుస్తుంది. 500 మిల్లీమీటర్లు, ఎపర్చరు 8, వేగం 1/1000. ఇంక కదల్లేదు. గంట గడిచింది. కాలు తిమ్మిరెక్కింది. చీమలు కుట్టాయి. కదల్లేదు.

కదలని మనిషి పిట్టకి చెట్టుతో సమానం కాబోలు. ఏడు దాటాక ఓ తీతువు నీళ్ళవైపు నుంచి నడుచుకుంటూ తనంతట తనే వచ్చింది. పాతిక మీటర్లు... ఇరవై... పన్నెండు. ఎండ ఇంకా వేడెక్కలేదు, గాలి సెగ లేదు. ఊపిరి సగం వదిలి మెల్లగా అదిమాను. నాలుగే ఫ్రేములు.

తాత అప్పుడే గొర్రెల్ని తోలుకుంటూ వచ్చారు. భయం భయంగానే కెమెరా తెర చూపించాను. మూడో ఫ్రేముని పెద్దది చేశాను. కంట్లో చెరువు కనబడుతోంది! తాత చాలాసేపు చూశారు. కంటివైపు కాదు, పొట్టవైపు.

"పొట్ట ఈకలు చూడు, తడిసి ముద్దయిపోయుండాయి. గుడ్లకి నీళ్ళు మోస్తా వుండాది. ఎండెక్కితే పొట్ట తడుపుకునొచ్చి వాటిమీద కూకుంటాది, సల్లగుండాలని."

నేను మళ్ళీ చూశాను. నిజమే. తెల్లటి పొట్ట ఈకల కొసల్లో ఒక్కో నీటిబొట్టు విడివిడిగా మెరుస్తోంది. నా మొదటి లెన్సు తిప్పలతో తీసి వుంటే ఆ పొట్ట ఓ తెల్లటి మచ్చ. బొట్లు కనబడేవి కావు. ఎక్కడో దగ్గర్లో గుడ్లున్నాయని మాకు తెలిసేదీ కాదు.

"అయితే గూడు ఎటు తాతా?" అన్నాను అలవాటుగా.

ఆయన నావైపు చూశారు. ఏమీ అనలేదు. నేనే లెన్సుకి మూత పెట్టి, సంచి భుజాన వేసుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచాను.